పదును వచ్చిందా?

వాన వెలిసి రెండు రోజులైంది. శనివారం పొద్దున్న ఏడింటికి కొండ మొదట్లో కారు ఆపాను. సైకిల్ దించలేదు. ముందు దారి పక్కకి వెళ్లి ఒక గుప్పెడు మట్టి తీసి పిసికాను. ముద్ద అయింది. బొటనవేలితో నొక్కితే ముద్ద విడిపోలేదు, వేలి గుర్తు మాత్రం పడింది. మట్టి కడుక్కుని ఇంటికి వచ్చేశాను.

ఇలా మట్టి పిసికి చూడడం నాకు నేర్పింది మా తాతయ్య. ఆయన జన్మలో మౌంటెన్ బైక్ ఎక్కలేదు. గుంటూరు జిల్లా నల్లరేగడిలో నలభై ఏళ్లు పత్తీ మిరపా వేశారు. కిందటేడు ఫోన్‌లో నా వారాంతం పనులు తెలుగులో చెప్పాలని ప్రయత్నిస్తూ, "సైకిల్ మీద వెళ్లే ముందు దారి పరిస్థితి పరిశీలించాలి తాతయ్యా" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వి, "కలెక్టరు గారు వస్తున్నారా ఏంటమ్మా?" అన్నారు. నేను ఇంకోలా చెప్పాను. వాన పడితే అడవి దారి మెత్తబడుతుంది, అప్పుడు సైకిల్ తొక్కితే దారి పాడవుతుంది, మరీ ఎండితే దుమ్మై జారుతుంది, ఆ మధ్యలో మంచి రోజులు కొన్నే ఉంటాయి, అవి ఎప్పుడో కనిపెట్టాలి. ఆయన విని, "అదా! పదును వచ్చిందా లేదా అని. అంతేగా?" అన్నారు.

నాకు తెలిసిన పదును కత్తికి ఉండేది. నేలకి కూడా పదును ఉంటుందని నాకు తెలియదు. వాన తర్వాత నేల మరీ తడిగా కాకుండా, మరీ పొడిగా కాకుండా, నాగలి పెడితే మట్టి పొడిపొడిగా విచ్చుకునే స్థితి పదును. అది రాకముందే దున్నితే పెళ్లలు లేస్తాయి, ఎండాక అవి రాళ్లే. అది దాటిపోతే విత్తనం మొలవదు. అదునూ పదునూ చూసుకోవాలి అని రైతులు అంటారట. ఇంగ్లీషులో ఈ సైకిళ్ల వాళ్లు దీనికి మూడు నాలుగు మాటలు వాడతారు. మనకి ఒక్కటే ఉంది, పైగా చాలా పాతది.

కొండ సైకిళ్ల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఫ్రేము గురించీ గేర్ల గురించీ రాస్తారు. అవి నేనూ చదివాను, బాగానే ఉంటాయి. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచి అదే చరిత్ర నాకు మట్టి వైపు నుంచి కనిపిస్తోంది. అలా రాయాలని ఈ ప్రయత్నం.

మొదట 1897. అప్పటికి మౌంటెన్ బైక్ అనే మాట లేదు. మోంటానా రాష్ట్రంలో ఫోర్ట్ మిసూలా అనే సైనిక స్థావరంలో 25వ పదాతి దళం ఉండేది. అందులో సైనికులందరూ నల్లజాతివాళ్లు, అధికారులు తెల్లవాళ్లు. జేమ్స్ మాస్ అనే లెఫ్టినెంట్‌కి ఒక ఆలోచన వచ్చింది. గుర్రానికి గడ్డి కావాలి, నీళ్లు కావాలి, సైకిల్‌కి ఏమీ అక్కర్లేదు కదా, సైన్యానికి సైకిళ్లు పనికొస్తాయేమో చూద్దాం అని. ఆ ఏడాది జూన్ 14న 20 మంది సైనికులతో బయల్దేరి, జులై 24న సెయింట్ లూయిస్ చేరారు. 41 రోజులు, సుమారు 1,900 మైళ్లు. గేర్లు లేని సైకిళ్లు, దాని మీద దుప్పటీ, డేరా గుడ్డా, తిండీ, తుపాకీ.

వాళ్లని ఎక్కువ ఏడిపించింది కొండలు కాదు, మట్టి. ఆ ప్రాంతంలో గంబో అనే బంకమట్టి ఉంటుంది. తడిస్తే చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. నాలుగడుగులు వేయడం, ఆగి పుల్లతో గీకడం, మళ్లీ నాలుగడుగులు. చివరికి దారి వదిలేసి రైలు పట్టాల మీద స్లీపర్ల మధ్య దడదడమని తొక్కారు, చాలాచోట్ల నడిపించుకుంటూ వెళ్లారు. నెబ్రాస్కాలో దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఇసుక, చక్రం దిగబడిపోయేది. చేరిన తర్వాత సైనికులు తిరుగు ప్రయాణం రైల్లో చేశారు. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది, సైకిల్ దళం కథ అక్కడితో ముగిసింది. ఆ 20 మందికి దారి ఎండేవరకు ఆగే వీలు లేదు. అది సైన్యం, ఆజ్ఞ అయితే వెళ్లాలి. సరదా కోసం తొక్కేవాళ్లకి మాత్రం ఆగే వీలు ఎప్పుడూ ఉంది. నేను ఇది మర్చిపోయిన రోజు సంగతి తర్వాత చెబుతాను.

అసలు కథ శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, గోల్డెన్ గేట్ వంతెన దాటాక, మరిన్ కౌంటీలో మొదలవుతుంది. అక్కడ మౌంట్ తామల్పాయిస్ అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 2,570 అడుగులు, మన తిరుమల కొండలకంటే కాస్త తక్కువ. అందరూ తామ్ అంటారు. 1896లో ఈ కొండ మీదికి ఒక చిన్న రైలు వేశారు. 281 మలుపులు ఉండేవి, ప్రపంచంలోకెల్లా వంకర రైలు దారి అని చెప్పుకునేవాళ్లు. కార్లు వచ్చాయి, 1929లో కొండ మీద పెద్ద మంట వచ్చింది, 1930లో రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేశారు, దారి మిగిలింది. అదీ, మంటలు ఆర్పే బండ్లు వెళ్లడానికి వేసిన మట్టి రోడ్లూ కలిసి కొండంతా ఒక వల లాగా ఉన్నాయి.

వీటిని కాలిబాటలు అనడం సరి కాదు. ఇవి బండిబాటలు. నేను మొదట అన్నిటికీ కాలిబాట అనే రాశాను. తర్వాత ఆ మాటలో కాలు ఉందని గమనించాను. ఈ తేడా మీదే తర్వాత నలభై ఏళ్లు గొడవలు జరిగాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

1970ల మొదట్లో అక్కడి కుర్రవాళ్లు పాత ష్విన్ సైకిళ్లు కొని ఈ బండిబాటల మీద కిందకి దూకించడం మొదలుపెట్టారు. 1930, 40లలో పేపర్ వేసే పిల్లల కోసం చేసిన సైకిళ్లు అవి. లావు బెలూన్ టైర్లు, ఒక్కటే గేరు, ఇరవై కిలోలకు పైగా బరువు. పాత సామాన్ల కొట్లో అయిదు డాలర్లకో పది డాలర్లకో దొరికేవి. బ్రేకు చేతికి ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే వెనక చక్రం హబ్బులో పడుతుంది.

1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి పైన ఒక బండిబాట మీద మొదటి పందెం పెట్టారు. రెండు మైళ్లలో 1,300 అడుగులు దిగిపోయే దారి. ఒక్కొక్కరినీ రెండేసి నిమిషాల తేడాతో వదిలేవాళ్లు, టైము రాసేవాళ్లు. చార్లీ కెల్లీ అనే ఆయన ఏర్పాట్లు చూసేవాడు. మొదటిది గెలిచింది అలన్ బాండ్స్. తర్వాత రికార్డు గ్యారీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. జో బ్రీజ్‌ది 4 నిమిషాల 24. వెండీ క్రాగ్ అనే ఆవిడ వాళ్లతో పాటు తొక్కుతూ ఫోటోలు తీసింది. ఈ రోజు మనం ఆ దుమ్మూ ఆ జీన్ ప్యాంట్లూ చూడగలుగుతున్నామంటే ఎక్కువగా ఆవిడ వల్లే. చరిత్ర పుస్తకాల్లో ఆవిడ పేరు ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, నాకు అది నచ్చదు.

ఆ దారికి రీప్యాక్ అని పేరు. కిందికి వచ్చేసరికి హబ్బులో బ్రేకు వేడెక్కి గ్రీజు కాలిపోయి పొగ వచ్చేది. మళ్లీ తొక్కాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు దట్టించాలి. మన సైకిల్ షాపు భాషలో చెబితే, ఒక్కసారి దిగితే ఓవరాయిలింగ్. దారికి పేరు దాని వాలు వల్ల వచ్చింది, మట్టి వల్ల కాదు. ఇది నేను చాలాసేపు ఆలోచించాను. బురద గురించి వాళ్ల కథల్లో ఎందుకు తక్కువ?

నాకు దొరికిన జవాబు ఇది, తప్పైతే చెప్పండి. 1976, 77 కాలిఫోర్నియాలో పెద్ద కరువు సంవత్సరాలు. మరిన్ కౌంటీలో నీటి చెరువులు అడుగంటి, 1977లో రిచ్‌మండ్ వంతెన మీదుగా పైపు వేసి నీళ్లు తెచ్చుకున్నారు. అంటే ఈ ఆట పేరు తెచ్చుకున్న ఆ రెండేళ్లూ వాన లేని ఏళ్లు. నేల రాయిలా ఉంది, దుమ్ముంది. దారి ఆరిందా అని అడగాల్సిన అవసరమే పెద్దగా రాలేదు.

సైకిళ్ల సంగతి ఇక గబగబా చెప్పేస్తాను. వీళ్లకంటే ముందు 1974 డిసెంబర్‌లో మిల్ వ్యాలీలో జరిగిన ఒక పోటీకి దక్షిణం నుంచి కొందరు కుర్రవాళ్లు లావు టైర్ల సైకిళ్లకి గేర్లు బిగించుకుని వచ్చారు. మరిన్ వాళ్లు చూసి నోరు తెరిచారు. ఆ కుర్రవాళ్లది కూపర్టినో. అవును, ఇవాళ ఎటు చూసినా మన తెలుగువాళ్లు కనిపించే కూపర్టినోనే. తర్వాత 1977లో జో బ్రీజ్ పాత ఫ్రేములు వదిలేసి కొత్తది స్వయంగా చేశాడు, అలాంటివి మొత్తం 10 చేశాడు. మొదటిది ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ఒక కంపెనీ పెట్టి దానికి మౌంటెన్‌బైక్స్ అని పేరు పెట్టారు. ఆ పేరు తమ సొంతం చేసుకోలేకపోయారు. డాల్డా, జిరాక్స్ లాగా అది అందరిదీ అయిపోయింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌ని 750 డాలర్లకు అమ్మింది. ఇక ఎవరైనా దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు. గొడవలు పెరిగింది కూడా ఇక్కడే.

పది మంది ఉన్నప్పుడు కొండకి తెలియలేదు. వేలమంది వచ్చాక తెలిసింది. తామ్ కొండలో పెద్ద భాగం 1912లో ఏర్పడిన మరిన్ నీటి సంస్థది. ఆ అడవి ఉన్నది ఊళ్లకి తాగునీళ్ల కోసం. కొండ మీద మట్టి కోసుకుపోతే అది వెళ్లేది చెరువుల్లోకే. నడిచేవాళ్లు, గుర్రాలవాళ్లు చాలా ఏళ్ల నుంచి అక్కడ ఉన్నారు. మలుపు తిరగ్గానే ఎదురుగా సైకిల్ దూసుకొస్తే ఎవరికైనా కోపం వస్తుంది. సైకిళ్లు బండిబాటల మీద మాత్రమే వెళ్లాలి, సన్నని కాలిబాటల మీదకి రాకూడదు అన్నారు. వేగం గంటకు 15 మైళ్లు మించకూడదు, మనుషుల్ని దాటేటప్పుడు 5. అడవిలో రేంజర్లు రాడార్ తుపాకీ పట్టుకుని నిలబడ్డారు. తన సొంత ఊళ్లోనే ఈ ఆటకి దశాబ్దాల పాటు సన్న దారి దొరకలేదు.

దేశం మొత్తం మీద ఇంకో దెబ్బ 1984లో తగిలింది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టంలో, కాపాడిన అడవుల్లో యాంత్రిక రవాణా ఉండకూడదని ఒక మాట ఉంది. అటవీ శాఖ 1966లో ఆ మాటకి చెప్పిన అర్థం, ప్రాణం లేని శక్తితో నడిచేది అని. అలా చూస్తే కాళ్లతో తొక్కే సైకిల్ దాని కిందకి రాదు. 1984లో నిబంధన మార్చి సైకిల్ కూడా నిషేధమే అని స్పష్టంగా రాశారు. ఒక్క మాట అర్థం మీద లక్షల ఎకరాలు! నేను భాష నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి నాకు ఇలాంటివి చాలా ఇష్టం. కానీ ఒప్పుకోవాలి, అడవిలో నిశ్శబ్దం కోరుకునేవాళ్ల వాదనలో కూడా న్యాయం ఉంది.

1988లో కాలిఫోర్నియాలోని కొన్ని సైకిల్ సంఘాలు కలిసి ఇంబా అనే సంస్థ పెట్టాయి. వాళ్లు పోట్లాడడం కంటే రెండు పనులు ఎక్కువ చేశారు. ఒకటి, ఎవరికి దారి ఇవ్వాలి, ఎక్కడ తొక్కకూడదు అని నియమాలు రాసుకున్నారు. తడిసి మెత్తగా ఉన్న దారి మీద తొక్కవద్దు అన్నది అందులో ఉంది. రెండోది, పారలు పట్టుకుని దారులు బాగుచేయడానికి వెళ్లారు. దారి చెడగొడతారు అన్న మాటకి దారి బాగుచేసి చూపడమే జవాబు అని వాళ్ల లెక్క.

నిజంగా సైకిల్ దారిని చెడగొడుతుందా? 1994లో మోంటానాలో జాన్ విల్సన్, జోసెఫ్ సెనీ అనే ఇద్దరు ఒక పరిశోధన అచ్చు వేశారు. నడిచేవాళ్లు, గుర్రాలు, మోటార్ సైకిళ్లు, మామూలు సైకిళ్లు వెళ్తే ఎంత మట్టి వదులై కొట్టుకుపోవడానికి సిద్ధమవుతుందో కొలిచారు. గుర్రాలూ మనుషులూ చక్రాలకంటే ఎక్కువ మట్టిని వదులు చేశారు, అది కూడా ముందే తడిపిన దారి మీద ఇంకా ఎక్కువ. సైకిళ్లవాళ్లు ఈ పేపర్ని తెగ చూపిస్తారు. నేనూ చూపించేదాన్ని.

ఇప్పుడు నా సంగతి. మూడేళ్ల క్రితం ఫిబ్రవరిలో, నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ వచ్చింది. నాకు ఆగబుద్ధి కాలేదు. ఈస్ట్ బే కొండల్లో ఒక పార్కుకి వెళ్లాను. పేరు చెప్పను. దారి మూసినట్టు బోర్డు లేదు. పై పొర ఆరినట్టే ఉంది. అర మైలు వెళ్లేసరికి కింద పొర లేచింది. అక్కడి మట్టి అచ్చంగా నల్లరేగడి లాంటిదే. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. టైరు రెండింతలు లావైంది, వెనక గేరు మార్చే చెయ్యి మట్టి పట్టుకుని విరిగి చక్రంలోకి పోయింది. సైకిల్ భుజాన వేసుకుని నడిచి వచ్చాను. నా గొప్ప బాధ అంతా ఆ రిపేరు ఖర్చు గురించే.

మే నెలలో అదే దారికి వెళ్లాను. దారి మధ్యలో ఒక గాడి. అర మైలు పొడవునా, చేతి మందాన, ఇటుకలా గట్టిపడి ఉంది. అది ఒకచోట ఠక్కున ఆగిపోయింది, అక్కడి నుంచి లోతైన బూటు గుర్తులు వెనక్కి వచ్చాయి. అది ఎవరిదో నాకు వేరే చెప్పాలా? ఆ గాడిలో వాన నీళ్లు పారి కింది మలుపు దగ్గర చిన్న గండి పడింది. చేతికర్రతో నడుస్తున్న ఒక పెద్దావిడ జాగ్రత్తగా గాడి పక్కన అడుగులు వేసుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగి, "చలికాలానికి ముందు ఇక్కడ ఎంత చదునుగా ఉండేదో" అంది. నేను ఏమీ అనలేదు. అవును అని తల ఊపాను.

ఆ పేపరు తప్పని కాదు. కానీ పాదం గుర్తు ఒక గుంట, ఆ తర్వాత కాస్త చోటు, ఇంకో గుంట. నీళ్లు అందులో నిలుస్తాయి. చక్రం గుర్తు తెగకుండా సాగే గీత, వాలు వెంబడి వెళ్తే అది చిన్న కాలువ. నీటికి దారి చూపించడమే. తెలుగులో గాడిలో పడ్డాడు అంటే బాగుపడ్డాడు అని, గాడి తప్పాడు అంటే చెడిపోయాడు అని. అడవిలో మాత్రం గాడిలో పడితే సైకిలూ పడుతుంది, నడిచేవాళ్ల మడమా తిరుగుతుంది.

జూన్ నుంచి నేను నెలకి ఒకసారి వాలంటీర్లతో దారి పనికి వెళ్తున్నాను. అక్కడ వాడే పనిముట్టు మెక్లౌడ్. ఒకవైపు పార, ఇంకోవైపు దంతె లాంటి పళ్లు. అడవి మంటలు ఆర్పేవాళ్ల కోసం పుట్టిన వస్తువు. దాంతో మేము చేసేది చాలావరకు నీళ్ల పని. దారి బయటి అంచు కాస్త పల్లంగా ఉండాలి, నీళ్లు అడ్డంగా జారిపోవాలి, పొడవునా పారకూడదు. దిగుడు దారిలో మధ్య మధ్యలో చిన్న ఎక్కుడు పెడతారు, నీళ్లు అక్కడ ఆగి పక్కకి పోవడానికి. అంచున పేరుకున్న మట్టి గట్టుని తీసేయాలి. ఒక పూటంతా పదిమంది చేస్తే కొద్ది గజాలు అవుతుంది. నేను అర మైలు పాడుచేయడానికి పట్టింది పది నిమిషాలు.

చూడడం ఎలా అని అడిగేవాళ్లకి: ఎన్ని గంటలు ఆగాలి అన్న లెక్క నాకు పెద్దగా పనికి రాలేదు. శాంటా క్రజ్ కొండల్లో రెడ్‌వుడ్ చెట్ల కింద ఆకు కుళ్లిన మట్టీ ఇసుకా కలిసి ఉన్నచోట నీళ్లు త్వరగా దిగిపోతాయి. ఈస్ట్ బే బంకమట్టిలో వారం ఎండ కాసినా లోపల మెత్తగా ఉండవచ్చు. ఒకే కొండలో దక్షిణం వైపు ఆరితే ఉత్తరం వైపు ఆరదు. వేసవిలో కూడా రెడ్‌వుడ్‌లు పొగమంచుని పట్టి చుక్కలుగా రాలుస్తాయి, ఆ నేల ఆగస్టులో కూడా తడిగా ఉంటుంది. పార్కు వాళ్లు మూశారంటే మూసినట్టే, అందులో మాట్లాడేది లేదు. మూయకపోతే మాత్రం తెరిచినట్టు అనుకోకండి, నేను అలాగే అనుకున్నాను. బూటు మడమతో ఒకసారి నొక్కండి. వెనక్కి తిరిగి మీ టైరు గుర్తు చూడండి. గుర్తు లోతుగా పడితే అక్కడే తిరగండి. ఒక్క గుంట ఎదురైతే పక్కనుంచి కాదు, మధ్యలోంచే వెళ్లండి. పక్కనుంచి వెళ్తే దారి వెడల్పవుతూ పోతుంది.

మొన్న ఆదివారం ఇవన్నీ తాతయ్యకి చెప్పాను, గాడి సంగతితో సహా. ఇన్నాళ్లూ ఆయనకి అది చెప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా డొంకలో తడి మీద బండి తోలినవాణ్ని ఊళ్లో అందరూ తిట్టేవాళ్లు. తిట్లు తిని వాడే చెలకపార తెచ్చి పూడ్చేవాడు. నిన్ను ఎవరూ తిట్టలేదా?" అని అడిగారు. లేదు తాతయ్యా అన్నాను. "అయితే నేను తిడతాలే" అని నిజంగానే రెండు తిట్టారు. అందులో ఒక మాట నాకు అర్థం కాలేదు, అమ్మని అడిగితే చెప్పనంది.

ఈ శనివారానికి వాన లేదంటున్నారు. శుక్రవారం సాయంత్రం వెళ్లి మట్టి పిసికి చూసి వస్తాను.